చేతిసంచియే వీపుసంచి: ప్రయాణమునకు దేని నేఱుకొనవలెను?

చౌడేపల్లె నుండి విదేశమునకు బయలుదేరు స్త్రీకి విమానమెక్కుట ప్రయాణములో కడపటి ఘట్టము. అంతకు ముందే ఆమె రెండు మూడు ప్రయాణములు చేసి యుండును. ఇంటి గడప నుండి బస్సు నిలుచు తావునకు నడక. అట నుండి పుంగనూరికో మదనపల్లెకో బస్సు. మదనపల్లెలో బస్సు మాఱి చింతామణి మీదుగా బెంగళూరు దారి. పిమ్మట దేవనహళ్లి చెంత 2008లో తెఱవబడిన విమానాశ్రయము. మన యూరికి రైలు లేదు. మదనపల్లె రోడ్డను పేరుగల స్టేషనున్నది గాని అది పట్టణమునకు దూరముననే యున్నది. కుప్పము వారికి మాత్రము బెంగళూరు పోవు రైలు ఊరిలోనే దొరకును. ఇన్ని యెక్కుటలును దిగుటలును గల దారిలో సామాను మోయువారెవరు? కూలి కొఱకు నిలిచియుండువారు నేడు అరుదైరి. తోడు వచ్చిన తమ్ముడో మఱదియో విమానాశ్రయపు వాకిలి వఱకే రాగలరు. ఆ వాకిలి దాటినది మొదలు మోయవలసినది ఆమెయే.

కావున ఈ నెల మేము ప్రయాణపు సంచిని గూర్చి వ్రాయదలచితిమి. విమానములో తనతో నుంచుకొనదగిన కొలత కలిగి, కావలసినపుడు పెట్టెవలె చేత పట్టుకొనుటకును, కావలసినపుడు లోపల దాగిన పట్టీలను వెలికి దీసి వీపునకు తగిలించుకొనుటకును వీలైన సంచి యొకటి కలదు. అంగళ్లలో దానిని కన్వర్టిబుల్ బ్యాక్‌ప్యాక్ అనుచున్నారు. మేము వీపుసంచి యనియే వ్రాసెదము.

వస్తువు చిన్నది, దీనికిన్ని పుటలేల యని కొందఱు తలపవచ్చును. పెద్ద పెట్టెలను విమానసంస్థవారి కప్పగించిన పిమ్మట అవి మరల కనబడువఱకు మన చేతిలో లేవు. అవి యొకనాడు ఆలస్యముగా రావచ్చును, ఒకానొకప్పుడు రాకయే పోవచ్చును. పాస్‌పోర్టును, మందులును, ఫోనును, కూతురి యింటి చిరునామాయు ఈ చిన్న సంచిలోనే యుండును. పురిటికని అమెరికా పోవు తల్లికిని, చదువునకు పోవు పిల్లకును, కుటుంబపోషణకై కువైటు పోవు ఇల్లాలికిని దారిలో తనదని చెప్పుకొనదగినది అదియొక్కటియే.

మన పెద్దలు ఊరికి పోవునపుడు మూట కట్టి తలపై బెట్టుకొనెడివారు. తలపై బరువు నిలుపుట మన స్త్రీలకు నేర్పవలసిన పని కాదు. పిమ్మట ట్రంకుపెట్టెయు, పఱుపు చుట్టు హోల్డాలును వచ్చినవి. వానితో కూలివాండ్ర యవసరమును వచ్చినది. చక్రముల పెట్టె చాల క్రొత్తది. అమెరికాలో బెర్నార్డ్ సాడో అనునాయన 1970లో పెట్టెకు చక్రములు తగిలించి 1972లో దానికి పేటెంటు పొందెను. పురుషులు పెట్టెను లాగుకొని పోవుట నామోషీగా తలతురని పెద్ద అంగళ్లవారు మొదట దానిని కొన నిరాకరించిరని ఆయనయే తరువాత చెప్పియున్నాడు. నిలువుగా నుంచి పిడి పట్టి లాగు రెండు చక్రముల పెట్టెను 1987లో రాబర్ట్ ప్లాత్ అను విమానచోదకుడు చేసెను. నేడు స్త్రీపురుషులెల్లరును లాగుచున్నది దాని సంతతియే. మగవారి మర్యాద కొఱకు చక్రమునకు గూడ కొంతకాలము అడ్డు కలిగినదన్నమాట!

చక్రము మంచిదే, కాని దానికి నున్నని నేల కావలెను. విమానాశ్రయపు పాలరాతిపై అది హాయిగా దొరలును. పల్లెవెలుగు బస్సు మెట్లపైన దొరలదు. వానకు బురదయైన సంతవీథిలో దొరలదు. వంతెన మెట్లెక్కి రైలు ప్లాటుఫారము మాఱునపుడును దొరలదు. అట్టిచోట్ల చక్రముల పెట్టెను ఎత్తియే మోయవలెను. అప్పుడా చక్రములును, ఇనుపపిడియు, గట్టి చట్టమును మనము జీతమియ్యక మోయు అదనపు బరువు. 2025 ఆగస్టు 15న మన రాష్ట్రములో స్త్రీలకు ఉచిత బస్సు ప్రయాణపు పథకము మొదలైన పిమ్మట స్త్రీల ప్రయాణములు పెరిగినవి. నిలుచుండి ప్రయాణము చేయుటకు సిద్ధపడియే యెక్కవలెను. ఒక చేయి కమ్మిని పట్టుకొనవలెను, చంకలో బిడ్డ యున్నచో రెండవ చేయియు ఖాళీ కాదు. పెట్టెను పట్టుకొనుటకు మూడవ చేయి ఎవరిచ్చిరి?

ఈ వీపుసంచులలో రెండు జాతులున్నవి. మొదటిది మెత్తని గుడ్డసంచి, దీనికి చక్రములుండవు. వెనుకనున్న చిన్న అఱలో భుజపట్టీలు మడచి దాచి జిప్పు మూయవచ్చును. రెండవది చక్రములును పట్టీలును రెండును గలది. వినుటకు రెండవదియే మేలుగా దోచును. అంగడివాడును దానినే ముందు చూపును, ధరయు నెక్కువగదా! కాని మేము దానిని మెచ్చము. చక్రములును పిడికడ్డీలును ఆ సంచిలో వీపు వైపుననే యుండవలెను. అవి వెన్నుపూసకు గ్రుచ్చుకొనుచుండును. పట్టీలు పేరునకు మాత్రము సన్నగా కుట్టబడి యుండును. సంచి వట్టిదే మూడు కిలోలు తూగును. లాగుటకు చక్రములు చిన్నవి, మోయుటకు బరువు పెద్దది. రెంటికి చెడిన రేవడి. ఇకపై మేము వ్రాయునదంతయు మొదటి జాతిని గూర్చియే.

ఇక కొలతలు. మన దేశపు విమానసంస్థలు సాధారణముగా చేతిసామానునకు 55 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు, 25 మందము, అనగా మూడును గలిపి 115 సెంటీమీటర్లు, బరువు 7 కిలోలు అని నియమించినవి. జర్మనీ సంస్థయైన లుఫ్తాన్సా 55, 40, 23 సెంటీమీటర్లును 8 కిలోలును అనును. అమెరికా సంస్థలు పెక్కు 56, 36, 23 అని కొలతనే చూచును గాని బరువు నంతగా చూడవు. ప్రపంచమంతటికిని ఒకే కొలత యుండవలెనని అంతర్జాతీయ విమానసంస్థల సంఘము 2015 జూనులో 55, 35, 20 అను కొలతను సూచించి, ప్రయాణికులు గగ్గోలు పెట్టగా కొలదిదినములలోనే ఆ యత్నము నిలిపివేసెను. కావున టిక్కెట్టుపై ఎన్ని సంస్థల పేర్లున్నవో చూచి, వానిలో నన్నిటికంటె కఠినమైన నియమము దేనిదో దానికి సరిపోవునట్లు సంచి నెంచుకొనవలెను. పోవునపుడు ఒక సంస్థ, వచ్చునపుడు మఱియొక సంస్థ యుండుట సామాన్యము.

ఏడు కిలోలనగా సంచితో గూడ ఏడు కిలోలు. ఈ మాట పలువురు మఱతురు. వట్టి సంచియే మూడు కిలోలైనచో మనకు మిగులునది నాలుగు. సంచి ఒక కిలోయు రెండువందల గ్రాములైనచో అయిదు కిలోల యెనిమిదివందలు మిగులును. ఆ కిలోయెనిమిదివందలలో రెండు నూలుచీరలును, శాలువయు, నెలనాళ్ల మందులును ఇముడును. సంచి కొనునపుడు రంగు చూచుటకు ముందు చీటీపై బరువు చదువుడు. చీటీపై లేకున్న తూచి యిమ్మని అడుగుడు. పప్పుదినుసులు తూచి కొనుట యెఱిగిన మనకు సంచిని తూచి కొనుట క్రొత్త విద్య కాదు.

ఇప్పుడు మేము ముఖ్యముగా చెప్పదలచిన మాటకు వచ్చుచున్నాము. అంగడిలో నలువది లీటర్లు, నలువదియైదు లీటర్లు అని సంచులమ్ముదురు. 55, 35, 25 సెంటీమీటర్లను హెచ్చించి చూచిన నలువదియెనిమిది లీటర్లగును. విమానమువారు ఒప్పుకొను పెట్టె యంతటిని నింపునట్లు వానిని కుట్టుచున్నారు. కాని విమానమువా రిచ్చిన కొలత హద్దు మాత్రమే. అది మన వీపు కొలత కాదు. 55 సెంటీమీటర్ల సంచి ఎత్తరియైన పురుషుని వీపునకు సరిపోవచ్చును. అయిదడుగుల యిల్లాలి వీపుపై అది మెడ దాటి తలవెనుకకు లేచును, క్రింద పిరుదులపై కొట్టుకొనును. కొప్పు పెట్టుకొన్నవారికి తల వెనుకకు వాల్చుటకు చోటుండదు.

వీపు కొలుచుట సులభము. తల ముందుకు వంచినపుడు మెడ మొదట ఒక యెముక ఉబ్బెత్తుగా తగులును. నడుమునకు రెండు ప్రక్కల తుంటియెముకల పైయంచులున్నవి. చేతులు నడుమున బెట్టుకొన్నపుడు బొటనవ్రేళ్లు వాని మీదనే యానును. ఆ రెండు బొటనవ్రేళ్ల నడుమ ఒక గీత యున్నదనుకొని, మెడ యెముక నుండి ఆ గీత వఱకు దర్జీ టేపుతో మఱియొకరిచేత కొలిపించుకొనుడు. వచ్చినదే మీ వీపు పొడవు. సంచిపై భుజపట్టీ కుట్టిన చోటు మొదలు నడుముపట్టీ వఱకు గల దూరము దీనికి దగ్గఱగా నుండవలెను. పొట్టివారికి 50 సెంటీమీటర్లు లేక అంతకంటెను కొంచెము తక్కువ పొడవుగల సంచియే మేలు. 50, 32, 20 సెంటీమీటర్ల సంచిలో ముప్పదిరెండు లీటర్లు పట్టును. ఏడు కిలోలకు అది చాలును. పెద్ద సంచి కొన్నచో నింపవలెనను ఆశ పుట్టును, నింపినచో త్రాసు దగ్గఱ తగవు పుట్టును.

నడుముపట్టీ యెందులకని అడుగువారున్నారు. బరువు నంతయు భుజములే మోసినచో మెడనరములు పట్టును, గంటలోపలనే నొప్పి యారంభించును. తుంటియెముకలు కాళ్ల మీద నిలిచియున్నవి. బరువు వానిపై బడినచో కాళ్లే మోయును. కాలిఫోర్నియాలోని గ్లెండేల్ పట్టణమున డిక్ కెల్టీ అనునాయన కొండలలో తిరుగుచు, వీపుసంచి చట్టపు కొనలను తన ప్యాంటు వెనుక జేబులలో దూర్చుకొనగా భుజములు తేలికయగుట గమనించెనట. 1952లో ఆయన వీపుసంచులు చేసి యమ్మసాగెను. చట్టములు ఆయన వంచెడివాడు. సంచులను ఇంటిలో కుట్టినది ఆయన భార్య నీనా. జాన్‌స్పోర్ట్ అను ప్రసిద్ధమైన సంచుల కంపెనీ 1967లో ఆరంభమైనపుడును కుట్టుపని జాన్ లూయిస్ అను స్త్రీది. కంపెనీకి ఆమె పేరే పెట్టిరి. సంచి కుట్టిన చేతులు స్త్రీలవైనను చాలకాలము కొలతలు మాత్రము పురుషుల వీపునకే తీసిరి.

స్త్రీల మేనికి తగిన సంచిలో భుజపట్టీలు రెండును మెడ దగ్గఱ దగ్గఱగా నుండి, రొమ్ము ప్రక్కగా వంపు తిరిగి, చంకక్రింద చేరును. తిన్నని పట్టీలు రొమ్మునొత్తును, లేదా భుజము నుండి జాఱును. రెండు పట్టీలను కలుపు రొమ్ముపట్టీ యొకటి యుండవలెను. అది పైకి క్రిందికి జరుపుటకు వీలుగా నున్నదో లేదో చూడుడు. మంగళసూత్రపు గొలుసు దాని క్రింద నలుగకుండునట్లు కంఠమునకు నాలుగంగుళముల దిగువ దానిని బిగించుకొనుట మేలు. భుజపట్టీల మెత్త వ్రేలితో నొక్కిన మరల పైకి లేవవలెను. దూదివలె అణగిపోవు మెత్త వలన ప్రయోజనము లేదు.

చీర కట్టువారికి చిక్కులు వేఱు. సంచి చేయువారు వీనిని తలపరు. నడుముపట్టీ సరిగా కుచ్చిళ్లు దోపు చోటనే వచ్చును. దానిని బిగించి యొక గంట నడచి విప్పగా కుచ్చిళ్లు దానితోబాటు సడలుట కలదు. కావున పట్టీని కుచ్చిళ్ల ముడికి కొంచెము పైన, తుంటియెముక యంచును తాకునట్లు కట్టి, విప్పుటకు ముందు ఎడమచేతితో కుచ్చిళ్లను అదిమి పట్టుకొనవలెను. పైటను భుజముపై పిన్నీసుతో నిలిపి, చెంగును వెనుక నుండి తెచ్చి నడుమున దోపిన పిదపనే సంచి తగిలించుకొనవలెను. లేకున్న చెంగు సంచికిని వీపునకును నడుమ చిక్కి, సంచి దించునపుడు పైటయు దిగును. పిన్నీసు పట్టీ క్రింద బడకుండ మెడవైపునకు జరిపి గ్రుచ్చుడు. బరువు పడిన పిన్నీసు పట్టుచీరను చించును. సల్వారు కమీజు వేసికొనువారికి ఈ చిక్కులు లేవు. ప్రయాణమునాడు ఏది కట్టుకొందురో సంచి కొనుటకు పోవునాడును అదియే కట్టుకొని పొండు.

గుడ్డను గూర్చి మన సీమవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. సంచుల చీటీపై 420 డెనియర్, 840 డెనియర్ అని యుండును. ఆ మాట పట్టునూలు కొలతకు పుట్టినది. తొమ్మిదివేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగునో అన్ని డెనియర్లు. కుప్పము, పలమనేరు ప్రాంతములలో పట్టుపురుగులు పెంచువారికిని, మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీరలు నేయువారికిని ఈ లెక్క పరిచితమే. నైలానును 1935లో అమెరికాలోని డూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ కనిపెట్టెను. రెండవ ప్రపంచయుద్ధములో జపాను పట్టు రాక నిలిచిపోగా గొడుగువలె విచ్చుకొను పారాచూట్లను దీనితో కుట్టిరి. అంకె పెరిగిన కొలది గుడ్డ మందమగును, బరువును పెరుగును. ప్రయాణపు సంచికి నాలుగైదువందల డెనియర్ల నైలాను చాలునని మా తలంపు. అడుగుభాగము మాత్రము ఇంకను మందముగా నుండవచ్చును. అదే డెనియరుగల పాలియెస్టరు చవుక, కాని ఒరపిడికి నైలానంత ఓర్వదు.

గుడ్డ కంటె ముందు చెడునది జిప్పు. రన్నరును పదిసార్లు తెఱచి మూసి చూడుడు. మూలలు తిరుగునపుడు ఆగరాదు. జపానులో 1934లో నెలకొన్న వైకేకే కంపెనీ జిప్పులపై ఆ యక్షరములు ముద్రింపబడి యుండును. అవి యున్నచో కొంత ధైర్యము. భుజపట్టీ సంచికి చేరు చోట కుట్టు అడ్డముగను నిలువుగను పలుమార్లు వేసియున్నదా యని తిరుగవేసి చూడుడు. కుట్టుమిషను తెలిసిన కన్నునకు అర నిముసము చాలును. ఒక్క వరుస కుట్టున్నచో ఎంత యందమైన సంచియైనను అక్కడనే పెట్టి రండు.

సంచి పైన మాత్రమే తెఱచుకొనునట్టిదైన అడుగుననున్న వస్తువు కొఱకు సర్వమును వెలికి దీయవలెను. పెట్టెవలె మూడు వైపుల జిప్పు తెఱచి రెండు రెక్కలుగ పఱచుకొనునట్టిదే మనకు తగినది. వీపునకానుకొను వైపున లోపలిజేబొకటి యుండవలెను. పాస్‌పోర్టు, రొక్కము అందుంచినచో సంచి వీపుననున్నంతసేపు ఎవరును తీయజాలరు. కిక్కిఱిసిన బస్సులో సంచిని ముందుకు త్రిప్పి కడుపునకు హత్తుకొనుట మఱియు మంచిది. వెనుకవారి ముఖమునకు తగులదు కూడ. పాస్‌పోర్టు, వీసా నకళ్లను వేఱొక జేబులో నుంచుడు. కువైటునకు ఇంటిపనికై పోవు సోదరీమణులకు ఇది మఱింత యవసరము. పనివారి పాస్‌పోర్టును వారి సమ్మతి లేక యజమాని తనయొద్ద నుంచుకొనరాదని ఆ దేశములో 2015లోనే చట్టమైనది. అయినను నకలొకటి తనయొద్దను, ఒకటి ఇంటియొద్దను ఉండుట క్షేమము.

పంపువారి ప్రేమ సంచి కొలత నెఱుగదు. నిప్పట్లు, కజ్జికాయలు, ఓళిగలు, చెనక్కాయల పొడి, ఊరగాయ, నెయ్యి అన్నియు ఆ యేడు కిలోలలోనే పోవలెనని అత్తగారును అమ్మగారును పట్టుబట్టుదురు. విదేశప్రయాణములో ద్రవములును, నూనెతో గూడిన ముద్దపదార్థములును ఒక్కొక్కటి 100 మిల్లీలీటర్లకు మించని సీసాలలో నుండవలెనను నియమము 2006 నుండి యున్నది. ఊరగాయయు నెయ్యియు దాని క్రిందికే వచ్చును. వానిని పెద్ద పెట్టెలో పెట్టుడు. అమెరికాకు పోవు విమానములలో చేతిసామానులోని పొడులు 350 మిల్లీలీటర్లకు మించినచో ప్రత్యేకముగా పరీక్షింతురు. తేలకున్న లోనికి రానీయరు. ఇది 2018 నుండి వచ్చిన కట్టడి. కారప్పొడియు చెనక్కాయల పొడియు గూడ పెద్ద పెట్టెలోనికే పోవలెను. ఎండుకొబ్బరిని మాత్రము ఎందులోను పెట్టరాదు. దానిలోని నూనె వలన తనంత తాను వేడెక్కి అంటుకొను గుణము గలదని విమానములలో దానిని నిషేధించిరి. కొబ్బరిచిప్పలు లేనిదే పొడి రుచింపదనువారు ఇంటనే దంచి పంపుడు. కూతురు అచ్చట కొబ్బరి కొనుక్కొనగలదు.

ఫోనునకు ప్రాణము పోయు పవర్ బ్యాంకు ఇందుకు తలక్రిందు. దానిని పెద్ద పెట్టెలో పెట్టరాదు, తనయొద్దనే యుంచుకొనవలెను. నూఱు వాట్ అవర్ల వఱకు సాధారణముగా ఒప్పుకొందురు. ఇరువదివేల మిల్లీయాంపియర్లదని వ్రాసియున్నది డెబ్బదినాలుగు వాట్ అవర్లగును గనుక భయము లేదు. కొన్ని సంస్థలు విమానములో దానిని వాడుటను గూడ నిషేధించినవి. ఇక్కడ నొక యుపాయము చెప్పెదము. పాస్‌పోర్టు, మందులు, పవర్ బ్యాంకు, కన్నద్దములు, ఒక రవికె వీనినన్నిటిని సంచి పైభాగమున చిన్న గుడ్డసంచిలో వేఱుగ నుంచుడు. విమానము నిండినపుడు తలపై అఱలలో చోటు లేదని వాకిటియొద్దనే చేతిసామాను తీసికొని క్రింద వేయుదురు. అప్పుడా చిన్నసంచిని చేతికి తీసికొని పెద్దదానిని నిశ్చింతగా నప్పగింపవచ్చును. మెత్తని సంచి అఱలో ఎట్లో యట్లు ఒదుగును గావున ఈ యవస్థ చక్రముల పెట్టెవారి కంటె మనకు తక్కువ.

సర్దుటలోను నేర్పున్నది. బరువైనవి వీపు దగ్గఱగా, నడిమిభాగమున నుంచవలెను. తేలికయైన శాలువ, చీరలు బయటివైపున. బరువు వెనుకకు పోయిన కొలది సంచి మనలను వెనుకకు లాగును, మనము ముందుకు వంగుదుము, నడుము నొచ్చును. తగిలించుకొన్న పిమ్మట మొదట నడుముపట్టీ, తరువాత భుజపట్టీలు, కడపట రొమ్ముపట్టీ బిగింపవలెను. ఈ క్రమము తప్పినచో బరువు భుజముల మీదనే నిలిచిపోవును.

కొనునపుడు అంగడిలో వట్టి సంచిని తగిలించుకొని అద్దములో చూచుకొన్న ఏమియు తెలియదు. వట్టి సంచి అందఱికిని హాయిగానే యుండును. ఇంటికి తెచ్చిన దినముననే బియ్యపు మూటలతో ఏడు కిలోలు తూచి నింపుడు. దానితో ఇంటిలో అరగంట పని చేసికొనుడు, మేడమెట్లెక్కుడు. ఇంకను నిజమైన పరీక్ష కావలెననువారికి మన చౌడేపల్లె చెంతనే బోయకొండ యున్నది. గంగమ్మ దర్శనమునకు పోవునాడు సంచి తగిలించుకొని కొండ యెక్కినచో ఏ పట్టీ యెక్కడ కోయునో తెలిసిపోవును. తిరుపతిలో అలిపిరి దారిన మూడువేల అయిదువందలకు పైబడిన మెట్లున్నవిగాని, నడచిపోవువారి సామానును దేవస్థానమువారే ఉచితముగా కొండకు చేర్చుదురు గనుక అచ్చట సంచికి పరీక్ష లేదు. చీటీ త్రెంపక, మఱక పడనీయక ఈ పరీక్ష చేసినచో, నచ్చకున్నపుడు గడువులోపల మార్చుకొనవచ్చును. రసీదు దాచుడు.

అందఱికిని వీపుసంచియే తగునని మేమనము. వెన్నునొప్పి, మెడనరముల నొప్పి గలవారును, శస్త్రచికిత్స జరిగి కొలదికాలమైనవారును, గర్భవతులును వైద్యుని యడిగియే బరువు మోయవలెను. మోకాళ్లు సహకరింపని పెద్దవారికి చక్రముల చిన్న పెట్టెయే మంచిది. విమానాశ్రయములో చక్రపుకుర్చీ కావలెనని టిక్కెట్టు కొనునాడే వ్రాయించినచో త్రోయుటకు మనిషిని గూడ ఇత్తురు. ఏబదియైదు కిలోల బరువుగల స్త్రీకి ఏడు కిలోలనగా తన బరువులో ఎనిమిదవ వంతు. ఆరోగ్యవతికి అది మోయదగినదే. నలువది కిలోల బక్కపలుచని పిల్లకు అదియే ఆఱవ వంతునకు దగ్గఱగా వచ్చును. ఆమె అయిదు కిలోలతో సరిపెట్టుకొనుట మేలు.

ఇంకొక్క సంగతి. కొడుకో అల్లుడో ఆన్‌లైనులో బొమ్మ చూచి సంచి కొని పంపుట నేటి వాడుక. వారి ప్రేమను కాదనము. కాని బొమ్మలో సంచి తగిలించుకొన్నవాడు ఆరడుగుల యువకుడు. కొనవలెనని వారు కోరినచో మీ వీపు కొలతను, వట్టి సంచి బరువు ఎంత మించరాదో ఆ యంకెను కాగితముపై వ్రాసి యిండు. రంగు వారి యిష్టమునకు విడువవచ్చును.

తిరిగివచ్చిన పిమ్మట సంచిని తిరుగవేసి దులిపి, చెమటపట్టిన పట్టీలను సబ్బునీటిలో తడిపిన గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టుడు. ఎండలో నైలాను చివుకును, లోపలి పూత పొరలు లేచును. మడచి అటకపై పడవేయక, పాత చీర లోపల కుక్కి, ఎండిన వేపాకులతో దండెమునకు వ్రేలాడదీయుడు. జిప్పు బిగుసుకొన్నచో నూనె పూయరాదు, దుమ్ము పట్టును. కొవ్వువత్తి ముక్కను పండ్ల వెంబడి రెండుసార్లు రుద్దిన సులభముగా జాఱును. రన్నరు వదులైనచో చెప్పులు కుట్టువాడు పట్టకారుతో నొక్కి బాగుచేయగలడు.